పేరు మాటున వర్తకం: కోయంబత్తూరు, మదురై తెలుగు సీమల్లో నమ్మకమూ నకిలీలూ

విజయనగర ప్రభువుల తరఫున విశ్వనాథ నాయకుడు 1529లో మదురై పాలన చేపట్టిన నాటి నుంచి, కొన్ని కుటుంబాల విషయంలో అంతకు ముందు నుంచే, తెలుగు మాట్లాడేవారు సైన్యం వెంటా నాగలి వెంటా దక్షిణానికి తరలి, తమిళులు కరిసల్ అని పిలిచే నల్లరేగడి నేలల్లో ఊళ్లు కట్టుకున్నారు. కమ్మవారు, బలిజలు, రెడ్లు, రాజకంబళం నాయకర్లు, రాజపాళయం రాజులు, అరుంధతీయులు, తెలుగో కన్నడమో ఇంట మాట్లాడుకునే దేవాంగులు ఇలా కోయంబత్తూరు నుంచి కోవిల్‌పట్టి దాకా పరుచుకున్నారు. పత్తి పండే ఆ నేలలో కొందరు పత్తి వ్యాపారులై, వారిలో కొందరు ఇరవయ్యో శతాబ్దంలో మిల్లు యజమానులయ్యారు. ఈ వలస కథను చాలామంది రాశారు. అంతగా ఎవరూ పట్టించుకోనిది మరొకటి ఉంది: ఈ ఐదు వందల ఏళ్లలో సరుకు అమ్మేవాడు తానెవరో ఏ ఆధారంతో రుజువు చేసుకున్నాడు, కొనేవాడు అతణ్ణి ఎలా పోల్చుకున్నాడు, ఇంకొకరి పేరు తగిలించుకొని వచ్చినవాడి నుంచి ఏ ఏర్పాటు కొనేవాణ్ణి కాపాడింది అన్నది. ఇప్పుడు పేరున్న దుకాణం వెబ్‌సైటును అచ్చుగుద్దినట్టు తయారుచేసి డబ్బు లాగేవారి సంగతి ఈ చరిత్రలో చివరి అధ్యాయమే తప్ప కొత్త గ్రంథమేమీ కాదు.

పాళెగాళ్ల కాలంలో వ్యాపారం చాలావరకు ముఖపరిచయం మీద నడిచింది. పాళెం అంటే నాయక రాజులు సైనిక సేవకు బదులుగా ఇచ్చిన సీమ. మదురై రాజ్యంలో 72 పాళేలు ఉండేవని పరంపరగా చెబుతారు. ఆ సీమల్లో వారానికొకసారి జరిగే సంతే అసలైన అంగడి. పశువుల సంతలో తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకొనే పద్ధతిని పక్కవాడికి ధర తెలియకుండా దాచే ఉపాయంగానే చూస్తారు గానీ, ఆ బేరానికి మధ్యన నిలిచే దళారి చేసే అసలు పని వేరే ఉంది. అమ్మేవాడు ఫలానా ఊరివాడేననీ, ఎద్దు అతనిదేననీ, రేపు తేడా వస్తే ఎవరి గుమ్మం ఎక్కాలో తనకు తెలుసుననీ దళారి పూచీ పడతాడు. దళారికి ఇచ్చే రుసుములో కొంత బేరం కుదిర్చినందుకైతే, కొంత ఈ పూచీకత్తుకు. కొత్త ముఖం సంతలోకి వస్తే పాత ముఖం ఒకటి పక్కన నిలబడాల్సిందే.

దూరపు వ్యాపారానికి ఈ పద్ధతి చాలదు. మదురైలో పుచ్చుకోవలసిన డబ్బు వేరొక నగరంలో చెల్లించాలన్నప్పుడు నాణేల మూటలు మోయకుండా వర్తకులు హుండీ రాసేవారు. హుండీ అంటే ఒక ఊరి షావుకారు మరో ఊళ్లోని తన భాగస్వామికో గుమాస్తాకో, ఇది తెచ్చినవారికి ఇంత సొమ్ము చెల్లించవలసిందని రాసిచ్చే చీటీ. చీటీ తెచ్చినవాడు దొంగ కాడని ఎలా తెలుస్తుంది? ఇక్కడే పాత వర్తకుల తెలివి కనిపిస్తుంది. హుండీ రాసినవాడు దాన్ని తీసుకున్నవాడి చేతికిచ్చి ఊరుకోకుండా, ఫలానా తేదీన ఫలానా మొత్తానికి ఫలానావారి పేర హుండీ రాశానని చెల్లించవలసినవాడికి వేరుగా ఒక ఉత్తరం పంపేవాడు. ఆ ఉత్తరం హుండీ వెళ్లే దారిలో వెళ్లదు, హుండీ పట్టుకున్నవాడి చేతికి చిక్కదు. అవతలి గుమాస్తా రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిచూసుకొని గానీ సొమ్ము ఇవ్వడు. షాజోగ్ అనే రకం హుండీలోనైతే జాగ్రత్త ఇంకో మెట్టు పైకి వెళుతుంది: బజారులో పరువు ఉన్న షావుకారు చేతుల మీదుగా వస్తేనే దానికి చెల్లింపు, ఊరూ పేరూ లేనివాడు తెస్తే చెల్లదు. అక్షరాలు ఎంత ముత్యాల్లా ఉన్నా, సంతకం ఎంత సరిగా కుదిరినా, చీటీ తనకు తాను సాక్ష్యం చెప్పుకోలేదన్నది ఆ ఏర్పాటుకు పునాది. సాక్ష్యం ఇంకో దారిలో రావాలి. తరువాతి కాలంలో చట్టాలూ యంత్రాలూ ఎన్ని వచ్చినా ఈ ఒక్క సూత్రాన్ని మించిన రక్షణ ఏదీ రాలేదనే చెప్పాలి.

ఆ సూత్రాన్ని పాటించకపోతే రాజ్యమే పోవచ్చుననడానికి మదురై నాయక వంశపు చివరి ఘట్టం ఉదాహరణ. విజయరంగ చొక్కనాథుడు 1732లో సంతానం లేకుండా మరణించాక రాణి మీనాక్షి తిరుచిరాపల్లి నుంచి పాలన నడిపింది. బంగారు తిరుమల నాయకుడి వర్గం సింహాసనం కోరి ఆమె మీదికి లేచినప్పుడు ఆర్కాటు నవాబు అల్లుడు చందా సాహెబు పెద్ద మొత్తం ఆశించి ఆమె పక్షం వహించాడు. మాట తప్పనని అతడు ఖురాను మీద ప్రమాణం చేశాడనీ, మెరిసే పట్టుగుడ్డ చుట్టి ముందుపెట్టిన ఆ వస్తువు నిజానికి గ్రంథం కాదు, ఒక ఇటుక అనీ కథ ప్రచారంలో ఉంది. ఇటుక సంగతి చరిత్రో ప్రతీతో తేల్చడం కష్టమే గానీ, తిరుచిరాపల్లి అతని వశం కావడమూ, నాయక రాజ్యం అంతటితో ముగిసిపోవడమూ చరిత్రే; రాణి బందీగా విషం తాగి చనిపోయిందని చెబుతారు. కథ నిజమైనా కాకపోయినా అందులో మోసపు పనితనం పొల్లుపోకుండా ఉంది. ఎదుటివారు గౌరవించే గుర్తును పైన కప్పడం, గుడ్డ విప్పి చూడడం అమర్యాద అనిపించే సందర్భాన్ని కల్పించడం, ఆపదలో ఉన్నవారికి ఆలోచించే వ్యవధి లేకుండా చేయడం అనే మూడూ నేటి మోసగాడి సామగ్రిలోనూ మొదటి మూడే.

పంతొమ్మిదో శతాబ్ది చివర మిల్లులు వచ్చాక గుర్తింపు సమస్య రూపు మారింది. కోయంబత్తూరులో స్టేన్స్ మిల్లుగా ప్రసిద్ధికెక్కిన స్పిన్నింగు మిల్లు 1888లో ఏర్పడింది. కాస్త అటూ ఇటుగా మదురైలో హార్వీ సోదరుల మిల్లు నూలు వడకసాగింది. తెలుగువారిలో జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ స్థాపించగా, కోయంబత్తూరు శివారు పీళమేడుకు చెందిన పి.ఎస్.జి. కుటుంబం 1920ల్లో రంగవిలాస్ మిల్లుతో పరిశ్రమలోకి వచ్చి 1926లో తమ ఆస్తిలో ఒక భాగాన్ని ధర్మసంస్థగా మార్చింది. పైకారా జలవిద్యుత్తు 1930ల తొలినాళ్లలో అందివచ్చేసరికి మిల్లుల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఇప్పుడు నూలు కొనే నేతగాడికీ దాన్ని వడికిన యజమానికీ మధ్య పరిచయం లేదు. బస్తా మీది మార్కాయే యజమాని ముఖం. అంతకు ముందే మాంచెస్టరు నుంచి దిగే గుడ్డ తానుల మీద టికెట్లని పిలిచే రంగురంగుల అచ్చుకాగితాలు అంటించి వచ్చేవి. వాటి మీద లక్ష్మి, కృష్ణుడు, ఏనుగు, పులి వంటి బొమ్మలుండేవి. చదువు రాని కొనుగోలుదారు కూడా తనకు నచ్చిన గుడ్డను బొమ్మతో గుర్తుపట్టి, మళ్లీ అదే మార్కా అడిగి తీసుకొనేవాడు. దీని పర్యవసానం వెంటనే కనిపించింది. ఒక బొమ్మకు గిరాకీ వచ్చిన మరుసటి ఏడాదికల్లా దానికి కవల సోదరుడు బజారులో తయారు.

చట్టం ఈ రంగంలోకి నెమ్మదిగా వచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఇంకొకరిలా నటించి మోసగించడాన్ని 416వ సెక్షనులో ప్రత్యేక నేరంగా గుర్తించింది; దొంగ వ్యాపార చిహ్నాల గురించి కూడా అందులో సెక్షన్లు ఉండేవి. 1889లో వచ్చిన సరుకు గుర్తుల చట్టం తప్పుడు మార్కాలను శిక్షించడమే కాక, మిల్లు గుమ్మం దాటే ప్రతి తాను మీదా దాని పొడవు గజాల్లో ముద్రించాలని నిర్బంధించింది. అయితే ఒక మార్కా తనదని ముందుగా నమోదు చేయించుకొనే ప్రభుత్వ కార్యాలయం 1940 చట్టం అమలుకు వచ్చేదాకా బ్రిటిష్ ఇండియాలో లేనే లేదు. ఆ లోపల వర్తకులు వాడిన ఉపాయం ఆసక్తికరమైనది. దస్తావేజులు రిజిస్టరు చేసే కార్యాలయానికి వెళ్లి, ఈ బొమ్మ, ఈ పేరు తమవని ప్రకటన పత్రం రాసి, పొలం దస్తావేజులాగే దాన్నీ రిజిస్టరు చేయించి, ఆపైన పత్రికలో హెచ్చరిక ప్రకటన వేయించేవారు. చట్టపరంగా ఆ కాగితం హక్కును కల్పించదు. ఫలానా తేదీ నాటికి ఫలానావారు ఈ మార్కా తమదని లోకానికి చాటారన్న సాక్ష్యం మాత్రమే. అయినా ఆ పత్రికా ప్రకటనను చిన్నచూపు చూడడానికి లేదు. సరుకు మీది బొమ్మ ఒక దారిలో వస్తే, ఆ బొమ్మ ఎవరిదన్న సమాచారం పత్రిక ద్వారా మరో దారిలో వచ్చింది. హుండీకి వేరుగా వెళ్లిన ఉత్తరానికి అది అచ్చు రూపం.

మార్కా తగాదాల్లో ఎవరిది మోసం, ఎవరిది యాదృచ్ఛికం అని తేల్చడం తేలిక కాదు. కోయంబత్తూరు చుట్టుపట్ల లక్ష్మి, రాజలక్ష్మి, ధనలక్ష్మి పేర్లతో మిల్లులు వెలిశాయంటే అది దైవభక్తీ శుభాకాంక్షే తప్ప ఒకరి పేరు ఒకరు దొంగిలించడం కాదు. దేవతల పేర్లు అందరివీ. అలాంటి పేర్ల మీదే దక్షిణాదిలో పుట్టిన ఒక వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1969లో తేలింది. మద్రాసులో శ్రీ అంబాళ్ పేర ముక్కుపొడి అమ్మే సంస్థ ఒకటుంది. మరో వ్యాపారి శ్రీ ఆండాళ్ పేరుతో ముక్కుపొడి మార్కా నమోదుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. అంబాళ్ శివుని దేవేరి. ఆండాళ్ మదురైకి అనతి దూరంలోని శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారు పెంచిన భక్తురాలు, కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద పుణ్యమా అని తెలుగువారికి గోదాదేవిగా చిరపరిచిత. దక్షిణాది భక్తుడెవడూ ఈ ఇద్దరినీ ఒకరనుకోడు, బొమ్మలు కూడా వేరు. అందువల్ల దరఖాస్తుదారు వాదన పైకి బలంగానే ఉంది. న్యాయస్థానం మాత్రం మరో కోణం నుంచి చూసింది. ముక్కుపొడి కొనేవారందరూ దక్షిణాది హిందువులు కారు, పురాణం తెలిసినవారూ కారు. అంగట్లో నోటితో అడిగే సరుకు కాబట్టి చెవికి రెండు పేర్లూ ఒకేలా వినిపిస్తాయి. ఆ కారణంతో ఆండాళ్ పేరుకు నమోదు దక్కలేదు. 1962లో అమృతధార మందు కేసులోనూ సుప్రీంకోర్టు ఇలాంటి కొలతే వాడింది: రెండు సీసాలను పక్కపక్కన పెట్టి పరిశీలించే పండితుణ్ణి కాదు, సగటు తెలివీ అరకొర జ్ఞాపకమూ ఉన్న కొనుగోలుదారును దృష్టిలో ఉంచుకోవాలని చెప్పింది. మోసగాళ్లు ఈ తీర్పులు చదవకపోయినా, అరకొర జ్ఞాపకం మీదే బతకవచ్చునన్న సంగతి వారికి న్యాయమూర్తులకంటే ముందే తెలుసు.

యంత్రపరిశ్రమలోనూ ఇదే వరుస. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు పీళమేడులో విద్యుత్ మోటారు తయారుచేసినప్పటి నుంచి కోయంబత్తూరు మోటార్లకూ పంపులకూ పుట్టినిల్లయింది. ఆంధ్ర, తెలంగాణ రైతులు బోరులో దించే మోటారు ఆ ఊరిదేనా అని అడిగి కొనడం పరిపాటి. ఊరి పేరుకే గిరాకీ ఉన్నప్పుడు దాన్ని రేకు మీద అచ్చుకొట్టి రివిట్లతో బిగించేవారు కూడా ఉంటారు. ఇలా ఊరి పేరునే కాపాడే భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చింది. 1950ల్లో కోయంబత్తూరులో పుట్టిన వెట్ గ్రైండరూ, మదురై సుంగుడి చీరా మరికొన్ని ఏళ్లకే ఆ గుర్తింపు పొందాయి. సుంగుడి నేర్పు మదురైలో తెలుగువారి ఇరుగుపొరుగైన సౌరాష్ట్రులది. నాయక రాజుల కాలంలో వారు ఆ ఊళ్లో స్థిరపడ్డారని పరంపర. గుడ్డను వేలికొసలతో చిటికెడంత పట్టి, దారంతో ముడి బిగించి, రంగులో ముంచి, ఆరాక ముడి విప్పితే లోపలి భాగం తెల్లని చుక్కగా మిగులుతుంది. ముడి వేసిన చోట గుడ్డ కాస్త ముడుచుకొని వేలికి గరుకుగా తగులుతుంది, చుక్క అంచున రంగు సన్నగా పాకి ఉంటుంది, ఏ రెండు చుక్కలూ సరిగ్గా ఒకేలా ఉండవు. అచ్చు వేసిన చుక్క నున్నగా, గుండ్రంగా, అన్నీ ఒకే కొలతతో ఉంటుంది. దుకాణంలో చీర చేతికిచ్చి చూడమన్నంతకాలం ఈ తేడా కొనేవారికి రక్షణ. ఫోను తెర మీద రెండు చుక్కలూ ఒకటే.

తెర మీదికి వచ్చాక మార్కా స్థానాన్ని వెబ్ చిరునామా, అంటే డొమైన్ పేరు, ఆక్రమించింది. దాని మీద సుప్రీంకోర్టు 2004లో ఇచ్చిన తీర్పుకు తెలుగు మూలాలున్న సంస్థే కారణం. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ నుంచి పుట్టి మద్రాసు కేంద్రంగా పనిచేసిన సత్యం ఇన్ఫోవే, తన పేరును కుదించి సిఫీ అనే మాట కల్పించుకొని, 1999లో ఆ మాటతో పలు చిరునామాలు నమోదు చేసుకుంది. ఒక అక్షరం మాత్రమే అదనంగా చేర్చిన పేరుతో మరో సంస్థ చిరునామా తీసుకొని, అది తమ ఐదుగురు భాగస్వాముల పేర్ల తొలి అక్షరాల కూర్పు అని సమర్థించుకుంది. బెంగళూరు సివిల్ కోర్టులో గెలిచి, కర్ణాటక హైకోర్టులో ఓడిన సిఫీ చివరికి సుప్రీంకోర్టులో నెగ్గింది. డొమైన్ పేరు ఉత్తరాలు చేరే చిరునామా మాత్రమే కాదనీ, వ్యాపార చిహ్నంలాగే పరువు మోసే గుర్తు అనీ, దాన్ని పోలిన పేరుతో జనాన్ని దారి తప్పించడం చెల్లదనీ ఆ తీర్పు స్థిరపరిచింది. అయితే ఈ తీర్పు కాపాడింది వ్యాపార సంస్థను. నకిలీ పేరుతో దుకాణం తెరిచినవాడు ఫలానా చోట దొరికి, నోటీసు అందుకొని, కోర్టుకు వచ్చినప్పుడే దానితో పని. మూడు వారాలు నడిచి మాయమయ్యే దుకాణం ముందు కొనేవాడు ఒంటరివాడే.

అందువల్ల నకిలీ ఎలా కట్టబడుతుందో తెలుసుకోవడం అవసరం. వెబ్ చిరునామాను ఎడమ నుంచి కాక, https:// తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దగ్గర మొదలుపెట్టి వెనక్కు చదవాలి. ఆ గీతకు సరిగ్గా ముందు ఉండే రెండు ముక్కలే, కొన్ని చిరునామాల్లో మూడు, యజమాని ఎవరో చెబుతాయి; వాటికి ఎడమ పక్కన ఎంత పెద్ద బ్యాంకు పేరు, ఎంత పాత మిల్లు పేరు ఉన్నా అది ఎవరైనా తగిలించుకోగల అలంకారం. ఆంగ్లంలో ఆర్, ఎన్ అక్షరాలు పక్కపక్కన పెడితే ఎమ్‌లా కనిపించడం, ఎల్ స్థానంలో ఒకటి అంకె వేయడం వంటి కిటుకులు అరకొర జ్ఞాపకాన్ని నమ్ముకొన్నవే. చిరునామా పక్కన కనిపించే తాళం బొమ్మ దుకాణం నిజాయితీకి హామీ అని చాలాకాలం జనం నమ్మారు. నిజానికి అది మధ్యలో మాటలు ఎవరూ వినడం లేదని చెబుతుందే గానీ, అవతల ఉన్నది ఎవరో చెప్పదు. దొంగతో రహస్యంగా మాట్లాడుతున్నా తాళం పడుతుంది. ఈ అపోహ కారణంగానే గూగుల్ 2023లో తన క్రోమ్ బ్రౌజరు నుంచి ఆ బొమ్మను తీసివేసింది. ఇక ప్రసిద్ధ సంస్థ కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికేవారికి మొదట కనిపించే ఫలితం చాలాసార్లు డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటన. మ్యాపుల్లో కనిపించే దుకాణం నంబరును బయటివారు మార్పించిన ఉదంతాలూ ఉన్నాయి. నంబరు కావాలంటే పాత బిల్లు మీదో, బ్యాంకు కార్డు వెనకో, సరుకు పెట్టె మీదో చూసుకోవడం పాత పద్ధతే అయినా హుండీ గుమాస్తా మెచ్చుకునే పద్ధతి.

పంపులు, నూలు, నిట్‌వేర్ వంటి సరుకుల టోకు వ్యాపారంలో మోసం ఇంకో రూపంలో వస్తుంది. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నెలల తరబడి సాగే ఈమెయిళ్లను ఎవరో చాటుగా చదివి, బిల్లు పంపే రోజున అమ్మేవాడి పేరుతోనే, దాదాపు అతని చిరునామాతోనే, బ్యాంకు ఖాతా మారిందని ఒక మెయిలు పంపుతారు. సరుకు నిజం, ధర నిజం, సంభాషణ నిజం, ఖాతా ఒక్కటే అబద్ధం. ఖాతా మార్పు కబురు మెయిలులో వస్తే, ఆ మెయిలులోని నంబరుకు కాక, ముందు నుంచి తమ పుస్తకంలో ఉన్న నంబరుకు ఫోను చేసి అడగడం తప్ప దీనికి విరుగుడు లేదు. చిల్లర కొనుగోలుదారుకు మరో ఆధారం జీఎస్టీ నంబరు. అందులో 15 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని, తరువాతి పది వ్యాపారి పాన్‌ను సూచిస్తాయి. తమిళనాడుకు 33, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. మదురై దుకాణమని చెప్పుకొనే సైటులో నంబరు 33తో మొదలుకాకపోతే అనుమానించాల్సిందే. మొదలైనా నిశ్చింతగా ఉండడానికి లేదు, ఎందుకంటే ఆ నంబరును నిజమైన దుకాణం బిల్లు నుంచి ఎత్తి రాయవచ్చు. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరుకు ఎవరి పేరు వస్తుందో చూసి, ఆ పేరును డబ్బు చేరే ఖాతా పేరుతో పోల్చాలి. యూపీఐలో డబ్బు పంపే ముందు అవతలి ఖాతాదారు పేరు తెర మీద కనిపిస్తుంది. 2025 నుంచి బ్యాంకు బదిలీలకూ ఆ సౌకర్యం వచ్చింది. పేరున్న సంస్థకు కట్టే సొమ్ముకు ఎవరో ఒక వ్యక్తి పేరు కనిపిస్తే అక్కడే ఆగాలి. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ నొక్కమని ఎవరు చెప్పినా అది పచ్చి అబద్ధం, పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు.

జాగ్రత్త లేని అమాయకులే మోసపోతారన్న ఊహ సరికాదు. 2024లో వర్ధమాన్ వస్త్ర సంస్థ అధినేతను సీబీఐ అధికారులమని చెప్పుకొన్నవారు వీడియో కాల్‌లో సుప్రీంకోర్టు విచారణనే నటించి చూపి రూ. 7 కోట్లు కాజేశారు. అందులో చాలా భాగాన్ని పోలీసులు తరువాత రాబట్టగలిగారు. దేశంలో పెద్ద మిల్లులు నడిపిన వ్యక్తికి కోర్టు కాగితం ఎలా ఉంటుందో తెలియకపోదు. పట్టుగుడ్డ విప్పి చూడనివ్వని తొందర అక్కడ పనిచేసింది.

నష్టం జరిగాక ఎవరు భరించాలన్న ప్రశ్నకు మదురై సీమ ఒకప్పుడు స్పష్టమైన జవాబిచ్చింది. పాళెగాళ్లు, ఊరి కావలివారు ప్రజల నుంచి కావలి రుసుము వసూలు చేసేవారు. ఊరికి సంబంధించినది తలకావలి, సీమ మొత్తానికీ దారులకూ సంబంధించినది దేశకావలి. రుసుము పుచ్చుకున్న ప్రాంతంలో దొంగతనం జరిగితే సొత్తు వెతికి తేవాలి, తేలేకపోతే దాని విలువ కట్టివ్వాలి. ఆచరణలో ఈ నియమం అన్నిచోట్లా నిలవలేదన్నది నిజమే. కావలి పేరిట దోపిడీ సాగిందని ఆరోపిస్తూ ఈస్టిండియా కంపెనీ 1800 ప్రాంతంలో పాళెగాళ్ల నుంచి ఆ హక్కును లాగేసుకుంది. కాపాడతానని డబ్బు తీసుకున్నవాడే నష్టానికి పూచీ అన్న భావన మాత్రం న్యాయమైనది, దాన్ని కంపెనీ పోలీసు వ్యవస్థ భర్తీ చేయలేదు. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశంలో దాని ఛాయ మళ్లీ కనిపిస్తుంది: ఖాతాదారు తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా, బయటివారి వల్ల ఖాతా నుంచి సొమ్ము పోతే, మూడు పనిదినాల్లో తెలియజేసినవారికి నష్టం లేకుండా బ్యాంకే భరించాలి; నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే పరిమిత నష్టం. కానీ ఖాతాదారు తానే ఓటీపీ చెప్పినా, పిన్ నొక్కినా, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినదంతా అతని నెత్తినే. నకిలీ దుకాణాల మోసాలన్నీ దాదాపు ఈ మినహాయింపులోనే పడతాయి, ఎందుకంటే అక్కడ డబ్బు పంపేది కొనేవాడి వేలే. ఈ లొసుగు వల్ల ఆదేశం కావలి పద్ధతి ముందు వెలవెలబోతుంది.

ప్రభుత్వం మిగతా చోట్ల కంచెలు వేస్తూనే ఉంది. ఐటీ చట్టానికి 2008లో జరిగిన సవరణలో చేర్చిన 66డి సెక్షను కంప్యూటరు సాయంతో వేరొకరిలా నటించి మోసగించేవారికి మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా విధిస్తుంది. 2024 జులై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 319వ సెక్షను అలాంటి నటనకు ఐదేళ్ల దాకా శిక్ష చెబుతుంది. బ్యాంకులు తమ సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాకు 2025 అక్టోబరు ఆఖరుకల్లా మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. ఆ చిరునామా బ్యాంకులకు తప్ప ఎవరికీ ఇవ్వరు కాబట్టి 1940 నాటి మార్కాల రిజిస్టరుకంటే ఇది గట్టి కంచె. చీరల దుకాణానికీ పంపుల కంపెనీకీ మాత్రం అలాంటి ప్రత్యేక చిరునామా లేదు. మోసం జరిగిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేస్తే, సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పాకేలోపు దాన్ని నిలిపివేయడానికి బ్యాంకులకు కబురు వెళుతుంది. ఇక్కడ గంటలకు విలువ ఉంది, మరునాటికి వాయిదా వేస్తే ఆ సొమ్ము నాలుగైదు ఖాతాలు దాటి నగదుగా మారిపోతుంది.

మదురై పల్లెల్లో ఒకప్పుడు పశువులు పోయినవారి దగ్గరికి ఒక మధ్యవర్తి వచ్చి, ఇంత ఇస్తే జాడ చెబుతానని బేరం పెట్టేవాడు. ఆ సొమ్మును తుప్పుకూలి అనేవారు, తుప్పు అంటే తమిళంలో జాడ, ఆచూకీ. జాడ తెలిసినవాడికి దొంగ కూడా తెలిసే ఉంటాడని అందరికీ ఎరుకే, అయినా ఎద్దు కావాలి గనుక ఇచ్చేవారు. ఆన్‌లైన్ మోసాల్లోనూ ఆ రెండో అంకం నడుస్తోంది. డబ్బు పోగొట్టుకున్నవారి పేర్లూ నంబర్లూ మోసగాళ్ల మధ్య చేతులు మారతాయి. కొద్ది రోజులకు సైబర్ పోలీసు అనో, న్యాయవాది అనో, డబ్బు రాబట్టే సంస్థ అనో చెప్పుకొంటూ ఒకరు ఫోను చేసి, ఫైలు కదలడానికి రుసుము అడుగుతారు. తుప్పుకూలి ఇచ్చినవాడికి చాలాసార్లు ఎద్దయినా తిరిగి వచ్చేది. ఈ రుసుము కట్టినవారికి రెండో నష్టమే మిగులుతుంది. 1930కు ఫోను చేయడానికి గానీ, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడానికి గానీ ఒక్క రూపాయి కట్టనక్కరలేదు. నిలిపివేసిన సొమ్మును విడిపించడానికి ఏ పోలీసు స్టేషనూ యూపీఐలో డబ్బు అడగదు.